మా టేస్టింగ్ రూమ్‌లో ఇకపై ఐదు వైన్లు మాత్రమే

నగరం నడిబొడ్డున ఉన్న మా చిన్న టేస్టింగ్ రూమ్‌కు వస్తున్న వారందరికీ నమస్కారం. వచ్చే నెల నుంచి ఇక్కడ మూడు మార్పులు చేస్తున్నాము. ఒక విడతలో రుచి చూపించే వైన్ల సంఖ్యను ఎనిమిది నుంచి ఐదుకు తగ్గిస్తున్నాము. నిలబడి రుచి చూసే పొడవాటి బల్లను తీసివేసి, ముందుగా సమయం చెప్పి వచ్చినవారిని కూర్చోబెట్టి పోస్తాము. సీసా కొన్నవారికి ఇంతకాలం మినహాయించిన టేస్టింగ్ రుసుమును ఇకపై అందరి నుంచీ తీసుకుంటాము. మూడో మాట చెప్పడం మాకు సులభం కాదు. అయినా మా లెక్కలు, మా కారణాలు మీ ముందు ఉంచితే మీరే న్యాయంగా ఆలోచిస్తారని నమ్మి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మొదట ఐదు అన్న సంఖ్య గురించి చెప్పాలి, ఎందుకంటే మిగిలిన రెండు మార్పులకూ మూలం అదే. ఎర్ర వైన్‌కు వగరును ఇచ్చే టానిన్లు ద్రాక్ష తొక్క నుంచి, గింజల నుంచి, కొంతవరకు ఓక్ పీపా చెక్క నుంచి వస్తాయి. అవి నోటిలోకి చేరగానే లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకొని ముద్దకడతాయి. అప్పుడు నోటికి సహజంగా ఉండే జారుడుతనం పోయి, చిక్కటి టీ తాగినప్పటి వలె నాలుక, చిగుళ్లు బిగుసుకున్నట్లు అనిపిస్తుంది. లాలాజలం మళ్లీ ఊరి నోరు తేరుకోవడానికి కొంత వ్యవధి కావాలి. ఆ వ్యవధి ఇవ్వకుండా రెండో ఎర్ర వైన్ పోస్తే మొదటిదాని వగరు దానిపై పేరుకుంటుంది, మూడోది వచ్చేసరికి ఎంత మెత్తని వైన్ అయినా గరుకుగానే తోస్తుంది. మా వరుసలో చివరన వచ్చేది తోటలోని పాత తీగల పండుతో చేసిన వైన్. ఏడాది మొత్తంలో మా కుటుంబం ఎక్కువగా శ్రమించేది దాని కోసమే. దానినే మా అతిథులు అలసిన నాలుకతో, ఆల్కహాల్ ప్రభావం మొదలైన వేళలో, ఇంటికి బయలుదేరే తొందరలో రుచి చూస్తూ ఉంటే ఎదురుగా నిలబడి చూడడం నాకు బాధగా ఉండేది.

ఐదు వైన్లకు తగినంత సమయం ఇస్తే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది. తేలికైన తెల్ల వైన్‌తో మొదలుపెట్టి, వగరు ఎక్కువగా ఉన్నదాని వైపు నెమ్మదిగా వెళతాము. మధ్యలో నీళ్లు, ఉప్పు లేని బ్రెడ్డు ఉంటాయి. తెల్ల వైన్లు సుమారు 10 డిగ్రీల సెల్సియస్ వద్ద, ఎర్రవి 16 డిగ్రీల దగ్గర ఉంచుతాము. ఎర్ర వైన్‌ను మరీ చల్లగా పోస్తే సువాసన అణగిపోయి వగరు పైకి తేలుతుంది, మరీ వెచ్చగా పోస్తే ఆల్కహాల్ ముక్కును తాకి మిగతా వాసనలన్నిటినీ కప్పేస్తుంది. అందువల్ల గ్లాసు మీ ముందుకు వచ్చిన తరువాత వెంటనే ముగించవద్దని, మొదటి గుక్కకూ చివరి గుక్కకూ మధ్య కొన్ని నిమిషాలు విడిచిపెట్టమని కోరుతున్నాను. వైన్ గ్లాసులో కాస్త వెచ్చబడి, గాలి తగిలి మారడాన్ని గమనించడం మా వృత్తిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని.

గ్లాసులో ఎందుకు ఇంత తక్కువ పోస్తారని కొందరు మొహమాటపడుతూనే అడిగారు, అది సరైన ప్రశ్నే. వైన్ రుచి చూసే గ్లాసుకు అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్‌ఓ 1977లో ఒక ప్రమాణాన్ని నిర్ణయించింది. సుమారు 215 మిల్లీలీటర్లు పట్టే ఆ గ్లాసు అడుగున వెడల్పుగా ఉండి పైకి పోయేకొద్దీ ఇరుకవుతుంది, అందులో పోయవలసింది 50 మిల్లీలీటర్లే. ఖాళీగా కనిపించే పై భాగమంతా సువాసన నిలవడానికి ఉద్దేశించినది. గ్లాసును తిప్పినప్పుడు ఆ వాసన పైకి లేచి, ఇరుకైన అంచు వద్ద మీ ముక్కుకు అందుతుంది. గ్లాసు నిండా పోస్తే తిప్పడానికీ వీలుండదు, వాసనకూ చోటుండదు.

ఇక లెక్కల సంగతి. సాధారణంగా వాడే ఓక్ పీపా 225 లీటర్లు పడుతుంది, అంటే 750 మిల్లీలీటర్ల సీసాలు 300. చెక్క సందుల నుంచి కొంత వైన్ ఆవిరైపోతూ ఉంటుంది కాబట్టి ఆ వెలితిని వేరే పాత్రలోని వైన్‌తో తరచూ పూరిస్తూ ఉండాలి, లేకపోతే పైన చేరిన గాలి మిగిలినదంతా పాడుచేస్తుంది. అడుగున మడ్డి కూడా మిగులుతుంది. అంటే చేతికి వచ్చేది 300 కన్నా తక్కువే. మా పాత తీగల వైన్ ఒక్క పీపా మాత్రమే తయారవుతుంది. రోజుకు ఒక సీసా చొప్పున ఏడాదంతా రుచి చూపించడానికి తెరిస్తే ఆ పీపా మొత్తం అక్కడికే సరిపోదు, అమ్మడానికి ఏమీ మిగలదు.

పైగా తెరిచిన సీసా ఎవరికోసమూ ఆగదు. గాలిలోని ఆక్సిజన్ తగలగానే మొదట సువాసన విచ్చుకుంటుంది, ఆ తరువాత తగ్గుముఖం పడుతుంది, కొన్ని రోజుల్లో తాజా పండు వాసన పోయి చదునైన రుచి మిగులుతుంది. మేము సీసాలోకి ఆర్గాన్ వాయువును పంపి మూత పెడతాము. అది గాలి కన్నా బరువైనది, వైన్‌తో రసాయనికంగా కలవదు, ఆ విధంగా కొంత కాలం కలిసివస్తుంది. అయినా జనం రాని రోజున ఎనిమిది సీసాలు తెరిచి ఉంచి, మరునాటికి వాటిలో సగం మీకు పోయదగినవి కావని తేల్చుకోవడం ఒక చిన్న కుటుంబానికి పెద్ద నష్టమే. ఎవరు ఎప్పుడు వస్తారో ముందుగా తెలిస్తే ఆ మేరకే తెరుస్తాము, తెరిచినది మంచి స్థితిలో ఉండగానే మీకు అందుతుంది. రుసుము ఈ సీసాల ఖర్చుకే వెళుతుంది. కొనాలన్న ఒత్తిడి కూడా దీనితో పోతుంది. రుసుము తప్పించుకోవడం కోసం నచ్చని సీసాను పట్టుకెళ్లే పరిస్థితి మీకు రాకూడదు. నచ్చి కొన్నవారికి మాత్రం మా కృతజ్ఞతలు ప్రత్యేకం. టోకు వ్యాపారి, చిల్లర దుకాణం తమ వాటాలు తీసుకున్న తరువాత మాకు చేరేదానికీ, ఈ గదిలో మీరు నేరుగా కొన్నప్పుడు మాకు మిగిలేదానికీ చాలా తేడా ఉంది. తోటకు ఏడెనిమిది పీపాల కన్నా ఎక్కువ పండని మా వంటి వైనరీ నిలబడి ఉందంటే అది ఆ తేడా వల్లనే.

ఐదింటిలో ఒకదానిని నల్లని గ్లాసులో, పేరు చెప్పకుండా ఇస్తాము. 2001లో ఫ్రాన్స్‌లోని బోర్డోకు చెందిన పరిశోధకులు ఒక అధ్యయనం ప్రచురించారు: తెల్ల వైన్‌లో వాసన లేని ఎర్ర రంగు కలిపి వైన్ తయారీ చదువుతున్న 54 మంది విద్యార్థులకు ఇస్తే, వారు దాని వాసనను ఎర్ర వైన్లకు వాడే మాటలతో వర్ణించారు. శిక్షణ ఉన్నవారి ముక్కునే కళ్లు అంతగా నడిపిస్తే, లేబుల్ చూసి మనమందరం ముందే ఒక నిర్ణయానికి రావడంలో ఆశ్చర్యం లేదు. ఎవరినీ పరీక్షించడం మా ఉద్దేశం కాదు, సరైన జవాబు చెప్పవలసిన అవసరమూ లేదు. మీకు ఏ పండు, ఏ పువ్వు, ఏ చెక్క గుర్తుకువస్తే అదే చెప్పండి. కాలిఫోర్నియాలోని డేవిస్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఆన్ నోబుల్ 1984లో రూపొందించిన సువాసనల చక్రాన్ని, అంటే వైన్ వాసనలను చెప్పే మాటలను గుండ్రంగా అమర్చిన పట్టికను, బల్ల మీద ఉంచుతాము. గొప్పగా ఉంది, సొగసుగా ఉంది అనే మాటల వద్ద ఆగిపోకుండా స్పష్టమైన మాటను వెతుక్కోవడానికి అది నిజంగా సహాయపడుతుంది.

ప్రతి బల్ల మీదా ఉమ్మడానికి ఒక పాత్ర ఉంటుంది, దానిని వాడమని మనస్ఫూర్తిగా కోరుతున్నాను. మేము కష్టపడి చేసిన వైన్‌ను మా ఎదుటే ఉమ్మితే మేము నొచ్చుకుంటామని కొందరు సంకోచిస్తారు. మేమే రోజూ పీపాల దగ్గర అలా చేస్తాము, లేకపోతే మధ్యాహ్నానికే పని ఆగిపోతుంది. ఐదు వైన్లూ మింగినవారు దయచేసి వాహనం నడపవద్దు. గది నగరం మధ్యలో ఉంది కాబట్టి ఇంటికి చేరడానికి వేరే మార్గాలు ఉన్నాయి. తాగని వారు తోడుగా వస్తే వారికి రుసుము లేదు, ద్రాక్షరసం ఇస్తాము. గాఢమైన అత్తరు మాత్రం ఆ పూటకు వద్దు, పక్క బల్లవారికి వైన్ వాసన అందదు.

సీసా అడుగున గాజు పలుకుల వంటివి కనిపిస్తే భయపడవద్దు. చల్లదనానికి పేరుకున్న టార్టరేట్ స్ఫటికాలు అవి, వాటి వల్ల హాని లేదు. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే మాత్రం అది బిరడా లోపం. బిరడా నుంచి వైన్‌లోకి దిగే టీసీఏ అనే పదార్థం లీటరుకు కొన్ని నానోగ్రాములు ఉన్నా ముక్కుకు తెలుస్తుంది. అటువంటి సీసాను తెచ్చివ్వండి, తాగినంత తాగినా సరే వేరేది ఇస్తాము.

పోసేది మాత్రం ఎప్పటివలెనే మా ఇంటివారే. అన్నయ్య తోటను, పీపాలను చూసుకుంటారు, వదిన ప్రయోగశాల పనులు చూస్తారు, అమ్మ లెక్కలు రాస్తుంది, గదిలో నేను ఉంటాను. ద్రాక్ష కోత వారాలలో అందరి చేతులూ తోటలోనే కావాలి కాబట్టి అప్పుడు శని, ఆదివారాలు మాత్రమే తెరుస్తాము, మిగతా రోజులకు సమయాలు ఇవ్వలేము. ముందుగా డబ్బు కట్టి సీసాలు ఉంచుకున్నవారు కోత మొదలయ్యేలోగా తీసుకువెళితే మాకు మేలు. వీలుకాకపోతే ఒక మాట చెప్పండి, చల్లని గదిలో మీ పేరుతోనే భద్రంగా ఉంచుతాము.