ధరణికోటలో పరిశీలించాల్సింది ఇంకేముంది?

సంపాదకుడు గారికి,

పోయిన వారం మీ జిల్లా పేజీలో ధరణికోట మురుగుకాలువలో బయటపడ్డ ఇటుకల ఫొటో వేశారు. కంటి ఆపరేషన్ వల్ల ఈ ఉత్తరం ఆలస్యమైంది. వార్త చివర 'అధికారులు పరిశీలించాల్సి ఉంది' అన్నారు. మీ పేపరు వచ్చేసరికే జేసీబీ తవ్వేసి వెళ్లింది, కాలువకి సిమెంటు కూడా పోసేశారు. ఇంక పరిశీలించేది సిమెంటునా?

పైగా ఫొటో కింద 'రెడ్డిరాజుల కాలం నాటివి' అని రాశారు. ఎవరు చెప్పారో! అందులో ఒక ఇటుక నేను ఎత్తి చూశాను. మూర పొడవు దాటింది, ఒంటి చేత్తో లేవలేదు. మట్టిలో కలిపిన ఊక కాలిపోయి సన్నటి గుంతలు పడ్డాయి, ఒక అంచున పచ్చిమీద ఎవరో లాగిన మూడు వేళ్ల గీతలున్నాయి. శాతవాహనుల నాటి ఇటుకలు ఇలాగే ఉంటాయని మా వీధిలో మేస్త్రీలకు కూడా తెలుసు.

మా ఇళ్ల కింద ఉన్నది ధాన్యకటకం అనే పాత నగరం. ఏడో శతాబ్దంలో చైనా నుంచి హుయాన్‌త్సాంగ్ వచ్చి చూసిన ఊరు. 1960లలో తవ్వినప్పుడు కృష్ణ మీంచి పడవలు లోపలికొచ్చే కాలువ, ముందు కర్రదుంగలతో, తర్వాత ఇటుకతో కట్టిన రేవు బయటపడ్డాయి. ఆ రేవెక్కడో మా ఊరి కుర్రాళ్లను అడగండి, ఒక్కడూ చెప్పలేడు. వాళ్ల తప్పేముంది? నా కంటికైతే ఒక్క బోర్డు కనపడలేదు (ఆపరేషన్‌కి ముందూ లేదు, తర్వాతా లేదు).

1182లో కోట కేతరాజు అమరేశ్వరాలయంలో వేయించిన శాసనం ధాన్యకటకం దేవతల నగరం కన్నా గొప్పదని పొగుడుతుంది. శివుడి గుళ్లో శాసనం వేయించి బుద్ధుడికీ దీపాలు పెట్టించిన రాజు ఆయన. ఇప్పుడు రాజధానికి అమరావతి పేరు పెట్టుకున్నారు, సంతోషం. 2022లో జిల్లాలు విడగొట్టేసరికి పేరిచ్చిన ఊరు పల్నాడులో, పుచ్చుకున్న రాజధాని గుంటూరులో పడ్డాయి. పాత ఊళ్ల వారసత్వాన్ని కాపాడే 'హృదయ్' పథకానికి కేంద్రం దేశం మొత్తమ్మీద 12 ఊళ్లను ఎంచితే అందులో అమరావతి ఒకటి. కూతవేటు దూరంలో ఉన్న మాకు మాత్రం మురుగుకాలువ దక్కింది.

దీపాలదిన్నె (అదే, అమరావతి బౌద్ధ స్తూపం) రాళ్లను మద్రాసుకీ లండనుకీ తరలించిన దొరల్ని తిడుతూ మీరు తరచూ వ్యాసాలు వేస్తుంటారు. తిట్టండి, కాదనను. కానీ ఆ దొరల్లోనే ఒకడు, 1797లో వచ్చి చూసిన మెకంజీ, 1816లో మళ్లీ మనుషుల్ని వెంటబెట్టుకొచ్చి ఒక్కో శిల్పానికీ కొలతలతో బొమ్మ గీయించాడు. చేతిలో సెల్‌ఫోన్ పెట్టుకుని మన ఇంజనీర్లు కాలువలో బయటపడ్డ ఆ ఇటుకల గోడ ఎంత లోతులో ఉంది, ఎటు పోతోంది అని ఒక్క ముక్క రాసుకున్నారా? కాంట్రాక్టరు బిల్లుకి మాత్రం అంగుళాలతో సహా కొలతలు దొరుకుతాయి.

ఊరు ఖాళీ చేయించి తవ్వమని నేననను. అంటే ముందు మా ఆవిడే ఒప్పుకోదు. ఇటుక కనపడిందని చెబితే ఇల్లు కట్టనివ్వరనే భయంతో జనం రాత్రికి రాత్రే పూడ్చేస్తున్నారు. ముందు ఆ టెన్షన్ తీర్చాలి. పునాది తీసేరోజు తెలిసిన మనిషి ఒకరొచ్చి, రాసుకుని, ఫొటో తీసుకుని, మీ పని మీరు కానివ్వండని వెళ్లిపోతే ఎవరు దాస్తారు? రేవు దగ్గర, మట్టికోట కట్ట దగ్గర రెండు బోర్డులు పెట్టండి. వీలైతే అచ్చుతప్పులు లేకుండా.

2028లో కృష్ణా పుష్కరాలొస్తున్నాయి. మళ్లీ హడావిడిగా రోడ్లూ కాలువలూ తవ్వుతారు. తవ్వేచోట తెలిసిన మనిషి ఒకరుండి రాసుకోవాలన్న ఈ ఒక్క షరతు టెండర్లో ఇప్పుడే రాయించేలా మీ పత్రిక పట్టుబట్టాలి.

వేళ్ల గీతలున్న ఆ ఇటుక మా పెరట్లో బట్టలుతికే బండ పక్కన ఉంది. ఎవరికి అప్పగించాలో చెబితే ఆటోలో తీసుకొస్తాను. కిరాయి నేనే పెట్టుకుంటాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు, ధరణికోట
(పేరు వేయకండి. మా వీధిలో ఇంకా ఇద్దరు ఇళ్లు కట్టుకుంటున్నారు.)