మంచు పొద్దున టవర్ లైను చిటపటలు

సంపాదకులకు నమస్కారం.

మాది మిర్యాలగూడ దగ్గర పల్లె, మా పొలం మీదుగా 400 కేవీ లైను పోతుంది. యాసంగి నారుమడికి నీళ్లు పెట్టడానికి తెల్లారకముందే పోతే పైన సుయ్‌మని, మధ్యమధ్య చిటపటమని ఒకటే చప్పుడు, ఎండెక్కితే ఏమీ ఉండదు. తీగల్లోంచి కరెంటు కారుతోందని కొందరు ఆ దిక్కు రావడమే మానేశారు, ఒకాయన ఏకంగా టవర్‌కు కొబ్బరికాయ కొట్టాడు (కొడితే కొట్టాడు, కాలు పట్టుకుని మొక్కాడు చూడండి, అప్పుడొచ్చింది నాకు టెన్షన్).

అదంతా నీటిబొట్ల పని. మబ్బులేని రాత్రి లోహం గాలికంటే ఎక్కువ చల్లబడి మంచు పడుతుంది, పొద్దున ట్రాక్టర్ బానెట్ తడిసి ఉండేది అందుకే. లోడ్ బాగా ఉంటే తీగ కాస్త వెచ్చగా ఉంటుంది కాబట్టి తడవదు, లోడ్ తగ్గితే తడుస్తుంది. తీగ అడుగున వేలాడే బొట్టును అక్కడి విద్యుత్ క్షేత్రం (తీగలోని వోల్టేజీ చుట్టూ గాలిలో పుట్టించే బలం) లాగి మొనదేలుస్తుంది. ఆ మొన ఎలా తేలుతుందో 1964లో జెఫ్రీ టేలర్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త లెక్కగట్టి చూపించాడు. మొన దగ్గర క్షేత్రం సెంటీమీటరుకు సుమారు 30 కిలోవోల్టులు దాటిందంటే గాలి తట్టుకోలేదు, చిట్లుతుంది. దీన్నే కరోనా అంటారు, ఆ జబ్బుకూ దీనికీ సంబంధం లేదు. మన కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది (ఒక్కో ఊపును సైకిల్ అంటారు), సైకిల్‌కు రెండుసార్లు క్షేత్రం గట్టిపడుతుంది, అందుకే సెకనుకు 100 లెక్కన గుయ్‌మనే మోత. కొత్తగా లాగిన తీగ ఇంకా ఎక్కువ మొత్తుకుంటుంది, ఎందుకంటే దానిమీద నీళ్లు బొట్లుబొట్లుగా నిలుస్తాయి. ఎండకూ వానకూ పాతబడితే నీళ్లు పరుచుకుపోయి చప్పుడు తగ్గుతుంది.

నాకు భయమల్లా ఈ చప్పుడు గురించి కాదు, తీగను మోసే పింగాణీ చిప్పల గురించి. పక్కనే రైసుమిల్లు, ఊక దుమ్మంతా వాటిమీదే. ఎండు దుమ్ముతో పెద్ద బాధ లేదు, మంచుకు తడిసిందా దానిమీదుగా కరెంటు పాకుతుంది, ముదిరితే మెరుపు కొట్టి లైను ట్రిప్ అవుతుంది. చలికాలానికి ముందే కడిగించండని లైను వాళ్లకు రెండుసార్లు కాగితం రాసిచ్చాను, చూస్తామన్నారు, ఇంకా చూస్తూనే ఉన్నారు.

దయచేసి ఈ ఉత్తరం జిల్లా పేజీలో వేయండి. చప్పుడు లేదు కదా అని మధ్యాహ్నం పూట లైను కింద బోరు పైపులు నిలబెట్టి ఎత్తేవాళ్లున్నారు, చప్పుడు లేకపోయినా తీగలో కరెంటు ఉంటుందని వాళ్లు చదవాలి.

– ఒక రైతు, నల్లగొండ జిల్లా