వాకిట్లో స్టూలేసుకుని కూర్చున్న ఆ పెద్దాయనకు

పదో వారం తరగతి ఈ సాయంత్రంతో అయిపోయింది. చాపలు చుట్టి, తొడల మీద బరువుకు పెట్టుకునే రాగుల సంచులు లెక్కపెట్టుకుని, ఆటోలో వేసుకుని వచ్చాం. ఒళ్లు పులిసిపోయి ఉంది. రేపు రాద్దామంటే ఈ మాటలు ఇలా రావు, అందుకే ఇప్పుడే రాస్తున్నాం.

తెలియనివాళ్లకు ముందుగా కొంచెం చెప్పాలి. యాక్సిడెంటు నుంచో, ఇంట్లో దెబ్బల నుంచో బయటపడినా ఒంట్లోంచి ఆ భయం దిగనివాళ్ల కోసం తిరుపతిలో ఒక కల్యాణ మండపం మేడ మీది గదిలో వారానికి ఒక గంట సాధన నడిపాం. జరిగింది చెప్పమని ఎవరినీ అడగలేదు. పని అంతా పాదాలతో, అరచేతులతో, చూపుతో, ఊపిరితోనే. పది వారాలే ఎందుకని చాలామంది అడిగారు. అమెరికాలో మానసిక వైద్యుడు బెసెల్ వాండర్ కోల్క్ బృందం 2014లో ప్రచురించిన అధ్యయనంలో, వేరే చికిత్సలకు లొంగని పీటీఎస్‌డీ (ఘోరం జరిగాక ఒంట్లో, మనసులో భయం పోకుండా నిలిచిపోయే జబ్బు) ఉన్న 64 మంది మహిళల్లో సగం మందికి వారానికో గంట చొప్పున పది వారాలు యోగా నేర్పారు. మిగతావాళ్లకు ఆరోగ్య పాఠాలు చెప్పారు. చివరి లెక్కకు అందినవాళ్లలో, యోగా చేసిన 31 మందిలో 16 మంది ఆ జబ్బు లక్షణాల గీత దాటి బయటికి వచ్చారు, రెండో గుంపులో 29 మందిలో ఆరుగురే. చిన్న అధ్యయనమే. కానీ మాకు అది ఆసరా.

ఇక ఆ మండపం వాచ్‌మన్ సంగతి. పేరు రాయడం లేదు, ఆయనకు ఇష్టముండదు. మేం ఆయనకు ఏమీ చెప్పలేదు, ఆయన ఏమీ అడగలేదు.

మెట్ల పైన ఒక ఇనుప తలుపు ఉంది. గాలికి దభీమని పడేది. మొదటి వారం అది పడినప్పుడల్లా గది మొత్తం ఉలిక్కిపడింది. శబ్దం చెవిన పడి, అదేంటో బుద్ధికి అందేలోపే మెడ, భుజాలు బిగుసుకుపోతాయి. దెబ్బతిన్న ఒంటికి ఆ బిగువు మళ్లీ దిగడానికి పావుగంటైనా పట్టొచ్చు. గంట తరగతిలో రెండుసార్లు తలుపు పడితే ఇక సాధన ఎక్కడిది? తలుపుకు అడ్డంగా ఇటుక పెట్టాలని అనుకుంటూనే మర్చిపోయాం. రెండో వారం వెళ్లి చూస్తే తలుపు చట్రానికి పైనా కిందా సైకిల్ ట్యూబు ముక్కలు మేకులతో కొట్టి ఉన్నాయి. బందులకు కొబ్బరినూనె పూసి ఉంది, కింద గచ్చు మీద రెండు చుక్కలు ఇంకా ఆరలేదు. తలుపు వేసి చూశాం. చప్పుడే లేదు.

అప్పటినుంచి ఆయన తలుపు తోసే ముందు బయట నిలబడి "అమ్మా, తలుపు తీస్తా ఉండా" అని ఒక మాట అని, కాసేపు ఆగి తీసేవాడు. ఈ ఒక్క పద్ధతి నేర్పడానికి మేం వాలంటీర్లకు ఒక పూటంతా ట్రైనింగ్ ఇచ్చాం.

ఆరో వారం కరెంటు పోయింది. గదిలో పదకొండు మంది, చీకటి. మేం ఫోన్లు వెతుక్కుంటున్నాం. ఎవరైనా మొహాల మీదికి టార్చి కొట్టి ఉంటే ఆ రాత్రి కొందరికి మళ్లీ ఆ రోడ్డే, ఆ లైట్లే. ఆయన గుమ్మం దాటలేదు. బయటినుంచే, గొంతు పెంచకుండా, "కరెంటు పోయింది. వస్తాది. నేను వాకిట్లోనే ఉండా" అన్నాడు. ఎమర్జెన్సీ లైటు గుమ్మం దగ్గర నేల మీద గోడవైపు తిప్పి పెట్టాడు. వెలుగు గోడకు తగిలి మెత్తగా గదిలోకి వచ్చింది. ఏం జరిగింది, అది ఆగుతుంది, నువ్వు ఒంటరిగా లేవు. బిగుసుకుపోయిన మనిషికి చెప్పాల్సింది అంతే, ఆ వరసలోనే. సర్టిఫికెట్లున్న మా నోటికి ఆ క్షణంలో ఆ మాట రాలేదు. ఇంటికొచ్చాక ఇద్దరం చాలాసేపు ఏడ్చాం.

తాతా, మీకు దండం.

ఈ పోస్టు చదివి సాధన ఎలా చేయాలని అడిగేవాళ్లు ఉంటారు కాబట్టి, ఎక్కువగా తప్పు జరిగే చోట్లే చెప్తాం. మొదటిది "గట్టిగా ఊపిరి పీల్చుకో" అనే సలహా. భయంలో ఉన్న మనిషి అప్పటికే ఎక్కువ పీలుస్తుంటాడు. ఇంకా పీలిస్తే రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గి వేళ్లకు, పెదాలకు తిమ్మిర్లు, కళ్లు తిరగడం మొదలవుతాయి. దాన్ని ఒళ్లు ఇంకో ప్రమాదమనుకుంటుంది. వదిలే ఊపిరి మీద పని చేయండి: మామూలుగా మూడు లెక్కపెట్టేంత పీల్చి, వేడి రాగిజావ ఊదినట్టు ఆరు లెక్కపెట్టేంత వదలాలి. నాలుగైదు సార్లు చాలు.

రెండోది కళ్లు మూయించడం. మూయగానే లోపల ఆ దృశ్యం నడుస్తుంది. కళ్లు తెరిచే ఉంచి, తల మెల్లగా తిప్పుతూ గదిలో కిటికీ, తలుపు, గోడ మీది క్యాలెండరు చూడమనాలి. కుర్చీల వీపు గోడవైపు, మొహం తలుపువైపు ఉండాలి. ఎవరి వెనకా ఎవరూ నడవకూడదు. భంగిమ సరిచేద్దామని చేయి వేయనే వేయకూడదు.

గోడను నెట్టడం మాకు బాగా పనికొచ్చింది. పాదాలు అడుగెడంగా, అరచేతులు ఛాతీ ఎత్తున గోడకు ఆనించి, మోచేతులు కొంచెం వంచి, సగం బలంతో పది సెకన్లు నెట్టాలి. వదిలేసి అరనిమిషం ఊరికే నిలబడాలి. మూడుసార్లు. నెట్టేటప్పుడు పైకి లెక్కపెట్టమనండి, లేకపోతే ఊపిరి బిగబడతారు, బీపీ ఉన్నవాళ్లకు అది మంచిది కాదు. వదిలాక చేతులు వణికితే ఆపొద్దు, వణకనివ్వండి. చూపు ఒకచోట నిలిచిపోయి, పిలిస్తే పలకకపోతే మాత్రం సాధన అక్కడే ఆపేయాలి. పేరు పెట్టి పిలిచి, ఈ రోజు ఏ వారమో చెప్పి, పాదాలు నేలకు నొక్కమని, చేతికి చల్లటి నీళ్ల గ్లాసు ఇవ్వాలి.

బిగువున్న చోటనే ధ్యాస పెట్టించడం ఇంకో పొరపాటు. ఒంటి ద్వారా భయానికి చికిత్స చేసే అమెరికా థెరపిస్టు పీటర్ లెవీన్ పద్ధతిలో ఇది చిటికెడు చిటికెడుగా చేస్తారు: గొంతులో బిగువు దగ్గర కొన్ని సెకన్లు, తర్వాత హాయిగా ఉన్న చోటుకు, అది చెవి తమ్మె అయినా సరే, అక్కడ ఎక్కువసేపు. మళ్లీ ఇటు, మళ్లీ అటు. ఒకేసారి అంతా కక్కించాలని చూస్తే మనిషి రెండోవారం రాడు.

ఇది డాక్టరుకు బదులు కాదు. చచ్చిపోవాలనిపిస్తున్నవాళ్లు 14416కు ఫోన్ చేయండి, టెలి మానస్ అది, తెలుగులో మాట్లాడతారు.

మా ఇంట్లోవాళ్లకు థాంక్స్. వాళ్లు లేకుంటే ఏదీ లేదు, అది వాళ్లకూ తెలుసు.

ఒక బాధ చెప్పుకోకుండా ఉండలేకపోతున్నాం. మా దగ్గరికి వచ్చినవాళ్లలో చాలామందికి ఆసుపత్రుల్లో ఎముక అతికించారు, కుట్లు విప్పారు, పంపేశారు. "రాత్రి నిద్ర పడతా ఉందా" అని అడిగినవాళ్లు తక్కువ. అడిగినా నిద్రమాత్రే రాశారు. ఘటన జరిగిన మొదటి నెలలో ఈ లక్షణాలకు బెంజోడయజపైన్ మాత్రలు (మత్తుగా నిద్ర పట్టించే రకం) ఇవ్వొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే చెప్పింది. (ఇప్పటికే వాడుతున్నవాళ్లు ఉన్నట్టుండి మానేయొద్దు, డాక్టరును అడిగి మెల్లగా తగ్గించుకోండి.) 2017 మానసిక ఆరోగ్య చట్టం 21వ సెక్షన్ ఒంటి జబ్బుకు ఎలాగో మనసు జబ్బుకూ అలాగే బీమా ఇవ్వాలంటుంది. కానీ పాలసీల్లో ఎక్కువ భాగం ఆసుపత్రిలో చేరి మంచం మీద పడుకుంటేనే డబ్బిస్తాయి. వారంవారం వచ్చి గంట కూర్చుని వెళ్లే చికిత్సకు ఏ మంచం చూపించాలి? ఇంటి నుంచి మండపానికి ఆటో ఖర్చు లేక ఇద్దరు మానేశారు. వాళ్లు గుర్తొస్తే ఇప్పటికీ గొంతు పట్టుకుంటుంది.

అయ్యో, మర్చిపోయాం. అడ్వాన్సు అడగకుండా తాళం చేతికిచ్చిన మండపం మేనేజరన్నకు. మా తరగతి వేళకు స్పీకరు తగ్గించిన ఎదురు టీకొట్టు అబ్బాయికి. జంపఖానాలు ఇచ్చిన పక్కవీధి అక్కకు.

ఇంకా రాగుల సంచులు కుట్టిచ్చిన టైలరన్నకు! ఒక్కోదాంట్లో రెండు కిలోలు, కూర్చున్నప్పుడు తొడల మీద పెట్టుకోవడానికి. పొట్ట మీద, ఛాతీ మీద కాదు, బరువనిపిస్తే ఎవరికి వాళ్లే తీసేయాలి. మేం మూతి కుట్టేయమన్నాం. పురుగు పడుతుందమ్మా, నెలకోసారి రాగులు ఎండలో పోసుకోవాలి కదా అని నాడా పెట్టింది ఆయనే.