రంగునీళ్ల శుద్ధికి ఒక పైలట్ ప్రాజెక్టు (చిన్న స్థాయి ప్రయోగం) పెట్టించండి సార్

కాలుష్య నియంత్రణ మండలి సభ్య కార్యదర్శి గారికి,

నమస్కారం సార్. అద్దకం నీళ్లలో రంగు పోతే విషం పోయినట్టు కాదు. ఇనుము, సిలికాన్, బోరాన్ కరిగించి సెకనుకు సుమారు 10 లక్షల డిగ్రీల వేగంతో చల్లారిస్తే వచ్చే మెటాలిక్ గ్లాస్ రిబ్బన్ (స్ఫటికాలు కట్టని లోహపు పలుచని పట్టీ), అదే కొన్ని ట్రాన్స్‌ఫార్మర్ల కోర్‌లో వాడేది, బట్టల అద్దకంలో వాడే అజో అనే రకం రంగుల్లోని నైట్రోజన్ జంట బంధాన్ని మామూలు ఇనుప పొడి కంటే చాలా త్వరగా తెంచుతుంది. ల్యాబ్‌లో నిమిషాల్లోనే ఎర్రనీళ్లు తేటపడతాయి. కానీ బంధం తెగాక మిగిలే ఆరోమాటిక్ అమైన్లు అనే రసాయనాల్లో కొన్ని క్యాన్సర్ కారకాలు! హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా వేసి వాటినీ విరగ్గొట్టాలి, అదేమో ఆమ్లపు నీళ్లలోనే బాగా సాగుతుంది, తర్వాత సున్నం వేసి ఇనుప బురద తీయాలి. మన బాలాపూర్‌లో లోహపు పొడులు, కొత్త పదార్థాల మీద పరిశోధన చేసే ఏఆర్‌సీఐ, తార్నాకలో రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ ఉన్నాయి కదా, వాళ్లతో కలిసి ఒక్క శుద్ధి కేంద్రంలో పైలట్ ప్రాజెక్టు పెట్టించండి. రంగుతో పాటు అమైన్లు, సీఓడీ (నీళ్లలోని కాలుష్యాన్ని ఆక్సీకరించడానికి పట్టే ఆక్సిజన్ కొలత) కూడా కొలిపించి, ఫలితాలు తెలుగులో అందరికీ కనపడేలా పెట్టండి.

ఇట్లు,
ఉప్పల్ నివాసి