అమీర్‌పేట ఆటో అన్నకు థ్యాంక్స్

ఆదివారం సాయంత్రం మైత్రీవనం దగ్గర ఆటో ఆపి మా తరఫున మాట్లాడిన అన్నా, ఇది మీకే.

బస్సులు పెంచండి, ఫుట్‌పాత్ వదలండి అని అట్టలు పట్టుకుని నిలబడితే జనం ఎలా చూస్తారో మాకు అలవాటే. కొందరు వీడియో తీస్తారు, కొందరు హారన్ కొడతారు, ఎక్కువమంది అసలు చూడరు. ఆ రోజు మాత్రం ఫుట్‌పాత్ మీద నుంచే బైక్ తోలుకొచ్చిన ఒకాయన, 'పనీపాటా లేదా' అంటూ మా పిల్ల చేతిలోని అట్ట లాగేశాడు.

మీరు దిగి వస్తుంటే, నిజం చెప్పాలంటే, ఇంకో తిట్టు ఖాయమనుకున్నాం. 2023 డిసెంబరులో ఆడవాళ్లకు ఉచిత బస్సు వచ్చాక గిరాకీ పోయిందని ధర్నాలు చేసింది ఆటోవాళ్లే కదా. అందులో న్యాయం లేదని నేననను.

మీరేమో అట్ట తీసి పిల్లకిచ్చి, 'బస్సులతో నాకు గిరాకీ తగ్గింది నిజమే. కానీ మా అమ్మ దవాఖానకు పోయేది బస్సుల్నే' అన్నారు. ఆయన మారుమాట్లాడకుండా బైక్ రోడ్డు మీదికి దింపాడు.

పేరు అడిగేలోపే గిరాకీ ఎక్కించుకుని వెళ్లిపోయారు. వచ్చే ఆదివారం కూడా అక్కడే ఉంటాం అన్నా, అటు వస్తే ఆగండి. చాయ్ మాది.