డాన్యా పుట్టినరోజు ఆదివారం

తిరుపతి,
3-11-2025

ఒరే చంద్రా,

బాగుండావా? నీ ఉత్తరం అందింది. తొమ్మిదో తారీకు ఆదివారం నీ చెస్ క్లాసు పిలకాయలతో, పోయిన నెల చనిపోయిన అమెరికా గ్రాండ్‌మాస్టర్ డేనియల్ నరొడిట్‌స్కీ పేరు మీద ఏదన్నా చేద్దామని రాసినావు. మంచి పని. ఆ రోజు ఆయన పుట్టినరోజు కూడా, నువ్వు చూసుకున్నట్టు లేదు. ఉండుంటే ఆ రోజుకి ముప్పై నిండేవి. అయితే నువ్వు రాసిన ఏర్పాటు మాత్రం నాకు నచ్చలా. ఫోటోకి దండ, అరగంట ప్రసంగం, ఆ తర్వాత బ్లిట్జ్ (ఒక్కొక్కరికి కొద్ది నిమిషాలే ఉండే ఆట) టోర్నమెంటు! ప్రసంగం పది నిమిషాలు చాలబ్బా. పదకొండో నిమిషానికి వెనక వరసలో వాళ్ళు బంట్లు పేర్చి గాలిగోపురం కడతారు.

ఆ పది నిమిషాల్లో ఇంత చెప్పు చాలు. డేనియల్ నరొడిట్‌స్కీ 1995 నవంబరు 9న కాలిఫోర్నియాలోని శాన్ మాటియోలో పుట్టినాడు. అందరూ డాన్యా అనేవాళ్ళు. 2007లో టర్కీలో జరిగిన ప్రపంచ యూత్ పోటీల్లో పన్నెండేళ్ళ లోపు విభాగం గెలిచినాడు. పద్నాలుగేళ్ళకే పొజిషనల్ ఆట (పావుల అమరికని మెల్లగా మెరుగుపరుచుకునే ఆట) మీద పుస్తకం రాసినాడు, రెండేళ్ళకి ఎండ్‌గేముల (పావులు కొన్నే మిగిలిన ఆట చివరి దశ) మీద ఇంకొకటి. 2013లో గ్రాండ్‌మాస్టర్, అదే ఏడు అమెరికా జూనియర్ చాంపియన్. స్టాన్‌ఫర్డ్‌లో చదివింది చరిత్ర, 2019లో పూర్తి చేసినాడు. 2025 అక్టోబరు 19న షార్లెట్ నగరంలో పోయినాడు. అక్కడి చెస్ సెంటర్‌లోనే ఆయన నేర్పిస్తా ఉండింది.

నీ దగ్గర ఎవడో ఒకడు తప్పకుండా అడుగుతాడు: "సార్, మన అర్జున్ ఇరిగేసి రేటింగు 2800 దాటినాడు కదా, ఈయన అంతకన్నా గొప్పా?" అడిగితే తడబడొద్దు. క్లాసికల్‌లో డాన్యా అత్యధిక రేటింగు 2647, అది 2017లో. గ్రాండ్‌మాస్టర్ కావాలంటే మూడు నార్మ్‌లతో (పెద్ద టోర్నమెంట్లలో తెచ్చుకునే అర్హత ఫలితాలు) పాటు 2500 తాకాలి కాబట్టి 2647 చిన్న సంగతేం కాదు. అయినా అర్జున్ కంటే కిందే, దాచిపెట్టే పనిలేదు. బ్లిట్జ్‌లో లెక్క వేరే. పోయిన ఆగస్టులో అమెరికా నేషనల్ బ్లిట్జ్‌లో పద్నాలుగుకి పద్నాలుగు కొట్టినాడు.

బ్లిట్జ్ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. 2024 డిసెంబరులో న్యూయార్క్‌లో ప్రపంచ బ్లిట్జ్ జరిగింది చూడు, అందులో స్విస్ దశలో (ఎవరినీ బయటికి పంపకుండా, సమాన పాయింట్లున్నవాళ్ళని జతపరిచే దశ) డాన్యా మొదటి స్థానంలో ఉన్నవాళ్ళతో సమానంగా పాయింట్లు తెచ్చుకున్నాడు. నాకౌట్‌కి తీసుకునేది ఎనిమిది మందిని. టైబ్రేక్‌లో (పాయింట్లు సమానమైతే ముందెవరో తేల్చే లెక్క) ఈయన తొమ్మిదో వాడైపోయినాడు. ఇది పిలకాయలకంటే వాళ్ళ అమ్మానాయనలకి చెప్పు. మన జిల్లా టోర్నమెంట్లలో ప్రైజుల వేళ జరిగే గొడవంతా దీని మీదే కదా: "మావాడికీ ఆరే, వాడికీ ఆరే, కప్పు వాడికెట్ల ఇస్తారు?" టైబ్రేక్ లెక్కల్లో ఒకటైన బుకోల్జ్ అంటే నీతో ఆడినవాళ్ళందరూ తెచ్చుకున్న పాయింట్ల మొత్తం. ఏడు రౌండ్ల పోటీలో మొదటి రౌండులోనే ఓడినవాడికి ఆ తర్వాత కింది బల్లల మీద జతలు పడతాయి. మిగిలిన ఆరూ వరసగా గెలిచి పైకొచ్చినా ప్రత్యర్థుల మొత్తం 25 దగ్గరే ఆగిందనుకో. ఆఖరి రౌండు దాకా పై బల్లల మీదే ఆడి అక్కడ ఓడినవాడికి 29 ఉండొచ్చు. ఒక్కోచోట అన్నిటికంటే తక్కువ తెచ్చుకున్న ప్రత్యర్థిని తీసేసి లెక్క కడతారు. అది ముందే ప్రాస్పెక్టస్‌లో ఉంటుంది, ఎవరూ చదవరు, అంతే.

సరే, అసలు సంగతికొస్తా. డాన్యాని లోకం గుర్తుపెట్టుకుంది రేటింగు చూసి కాదు. కొత్త ఖాతా తెరిచి, అట్టడుగు రేటింగు నుంచి మొదలుపెట్టి, ఒక్కో ఆటా ఆడతా, ఆడేటప్పుడే మనసులో ఏముందో నోటితో చెప్తా పైకి పోయేవాడు. స్పీడ్‌రన్ అంటారు దాన్ని. అట్ల చేసేవాళ్ళు చాలామంది ఉండారు, కాదన్ను. డాన్యాలో విశేషం ఏందంటే, వేసిన ఎత్తు ఎందుకేసినాడో చెప్పి ఊరుకోడు, వేయకుండా వదిలేసిన ఎత్తు ఎందుకు వదిలేసినాడో చెప్తాడు. ఎదుటివాడు 800 రేటింగువాడైనా వాడి ఎత్తుకి ఒక కారణం ఉంటుందని వెతుకుతాడు, ఎగతాళి చేయడు. ఆట అయినాక మళ్ళీ మొదటి నుంచి చూపిస్తాడు. ఆదివారం నువ్వు పట్టుకోవాల్సింది ఆ వదిలేసిన ఎత్తుని. మిగతాదంతా దాని చుట్టూ కట్టు.

బోర్డు మీద ఒక ఉదాహరణ పెట్టు. సిసిలియన్‌కి (తెల్లవాడి ఇ4కి నల్లవాడు సి5 వేసే ఓపెనింగు) ఎదురుగా ఆయన అలాపిన్ వేసేవాడు: ఇ4, సి5, తర్వాత సి3. "సి3 ఎందుకు?" అని అడిగితే నీ క్లాసులో సగం మంది చెప్తారు, డి4 వేసేదానికి, నల్లబంటు కొడితే సి బంటుతో తిరిగి కొట్టి మధ్యలో రెండు బంట్లు నిలబెట్టుకునేదానికి అని. అది సగం జవాబే. "మరి సి3తో మనం పోగొట్టుకున్నదేంది?" అని అడుగు. నిశ్శబ్దం అయిపోతుంది. ఆ గడి గుర్రానిది. అందుకే నల్లవాడు వెంటనే డి5 వేసి, ఇ బంటు కొడితే క్వీన్‌తో తిరిగి కొట్టినా హాయిగా కూర్చుంటాడు. మామూలుగా అయితే గుర్రం సి3కి దూకి క్వీన్‌ని తరిమి ఒక ఎత్తు మిగుల్చుకునేది. ఇప్పుడు అక్కడ మన బంటే అడ్డం. నల్లవాడు గుర్రం ఎఫ్6 వేసి ఇ4 మీదికొచ్చినా అదే కథ, కాపాడేదానికి సి3 గుర్రం లేదు కాబట్టి ఇ5 తోసుకోవాల్సి వస్తుంది. అలాపిన్‌కి నల్లవాడు ఎక్కువగా ఈ రెండు జవాబులే ఎంచుకోవడానికి కారణం ఒకే గడి. లాభం ఒకటి, ఖర్చు ఒకటి, రెండూ ఒకే నోటితో చెప్పగలిగితే ఆ పిల్లోడికి ఓపెనింగు వచ్చినట్టు. పదిహేను ఎత్తులు బట్టీపట్టి చెప్తే రానట్టే.

ఇప్పుడు పిలకాయలతో ఆడించేది. నోటితో చెప్తా ఆడండి అని ఇద్దర్ని ఎదురెదురుగా కూర్చోబెడితే పని జరగదు, ఎదుటోడు వినేస్తాడు. కాబట్టి నువ్వే ప్రత్యర్థివి కావాలి, గదిలో మాత్రం ఉండకూడదు. పదహారు మంది అన్నావు కదా, నలుగురేసి నాలుగు జట్లు చెయ్. గదిలో నాలుగు మూలల నాలుగు బోర్డులు, వరండాలో నీ ముందర ఇంకో నాలుగు. ప్రతి జట్టులో ఒకడు మాట్లాడతాడు, ఒకడు చీటీ రాస్తాడు, ఒకడు చీటీ మోస్తాడు, నాలుగోవాడు గడియారం చూస్తా బోర్డు మీద ఎత్తులేస్తాడు. రెండేసి ఎత్తులకి ఒకసారి పని మారాలి, లేకుంటే గట్టిగా మాట్లాడేవాడే చివరిదాకా మాట్లాడతాడు, మిగతా ముగ్గురూ చీటీలతో విమానాలు చేస్తారు. ఎత్తుకి 90 సెకన్లు. ఇరవై ఎత్తులకి అరగంట, నీ జవాబులకి ఇంకో పది నిమిషాలు వేసుకో.

మాట్లాడేవాడికి వరస ఇది: ఎదుటోడు ఆ ఎత్తు ఎందుకేసినాడు, నాకు తోచిన రెండు ఎత్తులేవి, అందులో ఒకటి ఎందుకు వద్దు. చీటీ మీద వేసే ఎత్తు పైన రాయాలి, వద్దనుకున్నది కింద రాసి కొట్టేయాలి, పక్కన నాలుగు మాటల్లో కారణం. మార్కులు ఆ కింది గీతకే. గెలిచిన జట్టుకి వేరే మార్కులు ఇవ్వొద్దు, ఇస్తే ఎవడూ కారణం రాయడు.

యాడ తప్పుతుందో కూడా చెప్తా. మొదటిది, చీటీలో "గుర్రం డి2" అని రాసేస్తారు. బి1 గుర్రమా, ఎఫ్3 గుర్రమా? నువ్వొకటి జరుపుతావు, వాళ్ళొకటి జరిపి ఉంటారు, పది ఎత్తుల తర్వాత "చెక్" అని వస్తుంది, నీ బోర్డు మీద చెక్కే ఉండదు. బయలుదేరిన గడి, చేరే గడి రెండూ రాయించు, అయిదు ఎత్తులకి ఒకసారి నువ్వే లోపలికి పోయి బోర్డులు సరిచూసుకో. రెండోది, ముందు ఎత్తు రాసేసి తర్వాత కారణం అతికిస్తారు. అది కనిపెట్టడం సులభం, "డెవలప్‌మెంట్ కోసం" (పావుల్ని బయటికి తెచ్చేదానికి) అని ఉంటుంది ప్రతి చీటీ మీదా. మొదటి పది ఎత్తుల్లో ఆ మాట రెండుసార్ల కంటే జాస్తి రాస్తే చీటీ వాపసు పంపించు. మూడోది, తలుపు దగ్గర నిలబడే తల్లిదండ్రులు. వాళ్ళకి కాఫీ కింద ఏర్పాటు చెయ్, గదికి దూరంగా.

ఆ తర్వాత ఇరవై నిమిషాలు లుసేనా పొజిషన్ (క్వీన్ కాబోయే బంటు ముందు దాని రాజే అడ్డంగా ఉన్న రూక్ ఎండ్‌గేము). రూక్ ఎండ్‌గేము లేకుండా డాన్యా పేరు మీద క్లాసు పెడితే బాగుండదు. తెల్లరాజు జి8, బంటు జి7, తెల్ల రూక్ ఎఫ్1. నల్లరాజు ఇ7, నల్ల రూక్ హెచ్2. తెల్లవాడి ఎత్తు. ఇళ్ళలో తాతల దగ్గర నేర్చుకున్నవాళ్ళు రూక్‌ని ఏనుగంటారు, అననీ, మార్పించొద్దు.

రాజు బంటు ముందు ఇరుక్కున్నాడు, హెచ్ ఫైల్ (నిలువు వరస) నల్ల రూక్‌ది, ఎఫ్7, ఎఫ్8 నల్లరాజువి. పిలకాయలకి మొదట తోచేది రూక్ ఇ1 చెక్. వేయనియ్. నల్లరాజు డి7, తెల్లరాజు ఎఫ్7, అక్కడ నుంచి నల్ల రూక్ వెనక నుంచి చెక్కుల మీద చెక్కులు: ఎఫ్2, జి2, మళ్ళీ ఎఫ్2. రాజు బంటుని వదిలి దూరం పోతే బంటు పోతుంది, వదలకుంటే చెక్కులు ఆగవు, తిరిగి తిరిగి జి8కే రావాల్సి ఉంటుంది. ఆట చెడిపోదు, ముందుకూ పోదు. అప్పుడు అడుగు: "చెక్కు ఆగాలంటే మధ్యలో ఏదన్నా అడ్డం పడాలి. ఏది పడాలి, ఏ వరసలో పడాలి?" ఒక్కడైనా రూక్ ఎఫ్4 అంటాడు. ఆ తర్వాత దారి ఇది: నల్ల రూక్ హెచ్1, తెల్ల రూక్ ఇ4 చెక్, నల్లరాజు డి7, తెల్లరాజు ఎఫ్7, చెక్ ఎఫ్1, రాజు జి6, చెక్ జి1, రాజు ఎఫ్6, చెక్ ఎఫ్1, రాజు జి5, చెక్ జి1, ఇప్పుడు రూక్ జి4. వంతెన పడింది, బంటు పోయి క్వీన్ అవుతుంది. నాలుగో వరసే ఎందుకో జి5, జి4 పక్కపక్కన పెట్టి చూపించు: అడ్డం పడిన రూక్‌ని రాజు కాపలా కాస్తా ఉండాడు, అదీ కిటుకు. నల్లరాజు డి7 బదులు ఎఫ్6కి వస్తే రాజు ఎఫ్8, అంతటితో అయిపోయింది. ఇంకో మాట, పేరు లుసేనాదే గానీ ఆయన 1497 పుస్తకంలో ఈ పొజిషన్ లేనే లేదు. 1634లో సాల్వియో పుస్తకంలో కనబడుతుంది. పేర్లు ఎవరికో అట్ల అతుక్కుపోతాయి.

ఇక నీ బ్లిట్జ్ టోర్నమెంటు. వద్దు. డాన్యా ఒక నిమిషం బుల్లెట్‌లో కూడా మెరుపులాగ ఆడేవాడు, నిజమే. ఆ చెయ్యి వెనక వేల ఎండ్‌గేములు, వేల ఆటలు ఉండాయి. మన పిలకాయలకి అది కనబడదు, చెయ్యి మాత్రం కనబడుతుంది. వాళ్ళు గడియారం కొట్టే చప్పుడు నేర్చుకుని ఇంటికి పోతారు. పదిహేను నిమిషాలు, ఎత్తుకి పది సెకన్లు చొప్పున ఒకే ఒక్క ఆట ఆడించు. నలభై ఎత్తుల ఆటైనా ఇద్దరి సమయం కలిపి 43 నిమిషాలు దాటి ఇరవై సెకన్లు, అంతకంటే పోదు. ఆట అయినాక ఇద్దరూ కలిసి పది నిమిషాలు దాన్నే తిరగేసుకోవాలి, కంప్యూటర్ ఇంజిన్ చూడకుండా. ఫోన్లు ముందే బుట్టలో వేయించు.

ఎట్ల పోయినాడు అని అడిగేవాళ్ళుంటారు. పదేళ్ళ పిల్లోళ్ళ ముందర ఇంటర్నెట్ గొడవలు, ఊహలు ఏవీ తేవొద్దు. తారీకు చెప్పు, వయసు చెప్పు, ఆపెయ్. మౌనం పాటించేదానికి ఒక ఖాళీ బోర్డు పక్కన గడియారం ఒక నిమిషానికి పెట్టి నొక్కు, సున్నాకి వచ్చేదాకా అందరూ దాన్నే చూస్తారు. కొన్ని గడియారాలు చివర్లో కీచుమంటాయి, శబ్దం ముందే ఆపి పెట్టుకో.

సామాను సంగతి. నీ దగ్గర గడియారాలు ఆరే ఉండాయి కదా, పదహారు మంది ఆడాలంటే ఎనిమిది కావాలి. రెండు ఇక్కడ నుంచి శనివారం మధ్యాహ్నం చిత్తూరు బస్సులో పంపిస్తా, డ్రైవర్ నంబరు బస్సు కదిలినాక పెడతా. బ్యాటరీలు నువ్వే కొను, పెన్సిల్ సెల్స్, ఒక్కోదానికి రెండు పడతాయి. ఈ కార్తీకం వానల్లో కరెంటు నమ్ముకోవద్దు, ప్రొజెక్టర్ బదులు గోడకి తగిలించే డెమో బోర్డే పెట్టుకో. నీ బోర్డులో నల్ల రూక్ ఒకటి పోయిందన్నావు పోయినసారి. లుసేనాకి అదే కావాలి, వెతికి పెట్టు.

ఉంటా,
నీ
రమణ