బిల్లులో సర్వీస్ చార్జీ వసూలును ఆపేదెవరు?

సంపాదకుడు గారికి,

పోయిన ఆదివారం మీ పత్రికలో విదేశాల టిప్పుల గురించి వచ్చిన వ్యాసం చదివాను. అమెరికాలో బిల్లు మీద 15 నుంచి 20 శాతం టిప్పు ఇస్తారని, మన హైదరాబాదీలకే చెయ్యి రాదని రాశారు. అడక్కుండానే సర్వీస్ చార్జీ అంటూ బిల్లులో కలిపేసుకుంటుంటే మేం ఇంకా విడిగా ఏం ఇవ్వాలండీ?

అమెరికా పేరెత్తినప్పుడు అక్కడి జీతాల సంగతీ రాయాలి. టిప్పులు వచ్చే ఉద్యోగికి గంటకు 2.13 డాలర్లు ఇస్తే చాలని అక్కడి కేంద్ర చట్టం 1991 నుంచీ అంటోంది. కొన్ని రాష్ట్రాలు ఎక్కువ ఇప్పిస్తాయి కానీ, చాలాచోట్ల టిప్పే అసలు జీతం. ఫ్రాన్స్‌లో సర్వీసు ఖర్చు మెనూ ధరలోనే ఉంటుంది. జపాన్‌లో టిప్పు ఇచ్చే అలవాటే లేదు. బ్రిటన్‌లో 2024 అక్టోబర్ నుంచి టిప్పులైనా, సర్వీస్ చార్జీ అయినా సిబ్బందికే చెందాలి, యజమాని ఉంచుకోకూడదు. మనం నేర్చుకోవాల్సింది ఆ చట్టం.

మాదాపూర్, జూబ్లీహిల్స్ వైపు ఏసీ రెస్టారెంట్ల బిల్లులు ఒకసారి చూడండి. 5 శాతం జీఎస్టీ సరే, అది ప్రభుత్వానిది. సర్వీస్ చార్జీ ఎవరిది? దాన్ని బిల్లులో తనంతట తానుగా కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలోనే చెప్పింది. రెస్టారెంట్ల సంఘాలు కోర్టుకు వెళ్తే 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు వాటి పిటిషన్లు కొట్టేసి, చెరో లక్ష రూపాయలు కట్టమంది. అయినా ఇక్కడ వసూలు ఆగలేదు.

ఈమధ్య గచ్చిబౌలిలో ఒకచోట ఆ చార్జీ తీసేయమని అడిగాను. మెనూ కార్డులో రాశాం కదా సార్ అన్నాడు మేనేజర్. పక్క టేబుళ్లవాళ్లు తిరిగి చూస్తుంటే, ఎందుకు నాన్నా గొడవ, కట్టేద్దాం అని మా పిల్లలే నా చెయ్యి పట్టుకున్నారు. రెస్టారెంట్లవాళ్ల ధైర్యమంతా మన మొహమాటం మీదే. వడ్డించిన కుర్రాడిని అడిగితే ఆ డబ్బు తనదాకా రాదన్నాడు. నాకు అన్నిటికన్నా కోపం తెప్పించింది ఆ మాటే.

ఇరానీ హోటల్లో చాయ్ తాగి, మిగిలిన చిల్లర సోంపు పళ్లెంలో వదిలేస్తే అది నేరుగా కుర్రాడి జేబులోకి వెళ్లేది. యూపీఐ వచ్చాక ఆ చిల్లరా పోయింది.

వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915కు ఫిర్యాదు చేయండని ప్రకటనలు ఇస్తారు. రెండొందల రూపాయల కోసం ఎంతమంది ఫోన్లు చేసి, బిల్లులు పంపి, నెలల తరబడి వెంటపడతారు? సినిమా హాల్లో నీళ్ల సీసా దగ్గర్నుంచి పార్కింగ్ దాకా ఇదే కథ. రూలు కాగితం మీద ఉంటుంది, అడిగే బాధ్యత మాత్రం జనానిది. అధికారులు హోటళ్ల వంటగదుల్లో తనిఖీలు చేసి ఫొటోలు పెడుతున్నారు, సంతోషం. బిల్లుల మీద అలాంటి తనిఖీ ఒక్కటైనా జరిగినట్టు నేను చూడలేదు.

మీ విలేకరులను పంపి ఓ వారం పాటు నగరంలోని రెస్టారెంట్ల బిల్లులు సేకరించండి. వాటిని వినియోగదారుల వ్యవహారాలు చూసే పౌరసరఫరాల శాఖ ముందు పెట్టి, ఏం చేస్తారో అడగండి. వాళ్లిచ్చిన జవాబును ఆ వ్యాసం వచ్చిన పేజీలోనే వేయండి.

– ఒక పాఠకుడు, మలక్‌పేట, హైదరాబాద్